పనసకు జామీను

వైశాఖ బహుళ పంచమి, బుధవారం. ఎండ ఎక్కువ. గాలి లేదు.

హాజరు: తాత, నాయనమ్మ, చిన్నాయన, గొడ్డలి మామ, కాలువ మేస్త్రి, నేను.

విషయం: ఈ రోజు మన పనస చెట్టు కాసింది. కాయ ఒకటి. మొదలుకు రెండు జానల పైన. తాత చేత్తో తడిమి చూసి ఖరారు చేసినాడు. చెట్టు కొట్టేది లేదు. కాలువ చుట్టు తిప్పి తవ్వుతారు.

మిగులు:

ఆ మాట తర్వాత ఏమీ లేదు. నాలుగు గీతల ఖాళీ జాగా ఉంది, అంతే.

ఇది నా పదో ఏట నేను రాసిన పేజీ. అప్పటి నుంచి రాసినవన్నీ ఇనప్పెట్టెలో వరసగా ఉన్నాయి. వాటిలో మరుపులు ఉండవచ్చు, పొరపాట్లు ఉండవచ్చు. తెలిసి తెలిసి రాసిన అబద్ధం మాత్రం ఒక్కటే. అది ఈ పేజీలోనే ఉంది.

పోయిన వారం సూర్యాపేటలో కంటి డాక్టరుకు చూపించుకొని బస్సులో కోదాడకు తిరిగి వస్తున్నాను. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయనీ, ఇంక ఆలస్యం చెయ్యవద్దనీ ఆయన చెప్పాడు. మునగాల దాటిన తర్వాత నా పక్క సీటు అమ్మాయి సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి మూత తెరిచింది. పనస తొనలు. ఏసీ బస్సు కిటికీలు తెరుచుకోవు. ఆ వాసన పోవడానికి తోవ లేక బస్సంతా తిరిగి తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

"తింటరా అమ్మమ్మా? మస్తు తియ్యగున్నయ్" అంది ఆ అమ్మాయి.

వద్దన్నాను. రెండు నిమిషాలు కాకముందే నేనే చెయ్యి చాచి ఒకటి అడిగాను. గింజ ఊసి రుమాలులో కట్టుకున్నాను. ఎందుకో తెలియదు. కోదాడలో దిగి ఇంటికి వచ్చి, చెప్పులు కూడా సరిగా విడవకుండా ఇనప్పెట్టె తెరిచాను. అడుగున ఉన్న మొదటి నోటుపుస్తకం తీశాను. అప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. పేజీ తెరుస్తాను, మూస్తాను, వంటింట్లోకి పోతాను, పాలు పొంగుతాయి, మళ్లీ వచ్చి తెరుస్తాను. ఆపరేషను సోమవారం. అది అయిన తర్వాత చూపు బాగానే వస్తుందని అందరూ అంటున్నారు. అయినా నా చేత్తో నేను రాసిన ఆ ఖాళీని, ఈ కళ్లతోనే ఒకసారి నింపాలని ఉంది.

*

మా ఊరు చిలుకూరు దగ్గర. సాగర్ కాలువ అప్పటికి మా దాకా రాలేదు. ఇల్లు ఊరి చివర ఉండేది. పెరటి గడప దాటితే మా చెలకే, వాన మీద పండే మెట్ట. ఎర్రమట్టి నేల. జొన్న, కంది, ఆముదాలు, వాన బాగా పడితే గట్ల వెంట కాసిని నువ్వులు. వరి అన్నం పండక్కీ, జ్వరం తగ్గిన తర్వాతి పథ్యానికీ. మిగతా రోజుల్లో జొన్న గటక, చల్ల, పచ్చి ఉల్లిగడ్డ, చింత తొక్కు. పొద్దున పొయ్యి మీద గటక ఉడుకుతున్నప్పుడు వచ్చే ఆ కమ్మటి మాడు వాసన ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేదు. జొన్నే లేదు కదా.

అటువంటి నేలలో, చేదబావి పక్కన, ఒక పనస చెట్టు. మా చుట్టుపక్కల పది ఊళ్లలో ఇంకొకటి ఉండేది కాదు. మా నాయనమ్మది కృష్ణకు అవతల, బాగా దిగువన, ఏటి లంకల దగ్గరి ఊరు. మఠంపల్లి దగ్గర బల్లకట్టు మీద ఏరు దాటి కాపరానికి వచ్చేటప్పుడు ఒక పనస గింజను కొంగున ముడి వేసుకుని తెచ్చిందట. ఆమె పుట్టింటి వైపు ఎవరూ మిగల్లేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ అనేది కాదు. చెట్టు గురించి మాత్రం అనేది.

"ఇది నా ఒళ్లో కూచుని ఈ ఊరొచ్చిందే. మీ అందరికంటే ముందు నాకు ఇదే చుట్టం."

చెట్టు ఇంటికంటే ఎత్తు పెరిగింది. కానీ కాయలేదు. ఏటేటా చలికాలం పోయేటప్పుడు వేలెడు వేలెడు పూత వచ్చేది, నల్లబడి రాలిపోయేది. లేతగా ఉన్నప్పుడు ఆ పూతను తెంపి, ఉప్పూ కారం అద్దుకుని మేము తినేవాళ్లం. వగరు. నాలుక మొద్దుబారేది. తిన్నామని తెలిస్తే నాయనమ్మ చీపురు తిరగేసేది.

"పూతనే తింటే కాయ యాడికెళ్లి వస్తదే" అని చిన్నాయన మమ్మల్ని కోప్పడి, ఆమె అటు తిరగగానే తానూ ఒకటి నోట్లో వేసుకునేవాడు. చిన్నాయన మా నాయనకు తమ్ముడు. అప్పటికి మీసాలు మొలుస్తున్న వయసు. కోదాడలో చదువుతున్నానని చెప్పి సైకిల్ మీద పోయి వస్తూ ఉండేవాడు. చదివేది ఏమిటో ఎవరికీ తెలియదు.

కాయ లేకపోయినా ఆకు ఉంది. నెలకు ఒకసారి నాయనమ్మ నాలుగేసి ఆకులు కలిపి, చీపురు పుల్లలతో గుచ్చి, చిన్న చిన్న బుట్టలు కుట్టేది. వాటిలో మినప పిండి పోసి ఆవిరికి పెట్టేది. మూత తీసినప్పుడు పచ్చి ఆకు ఉడికిన వాసన వీధి దాకా పోయేది. ఆ వాసనకు ఊళ్లో పిల్లలంతా మా గుమ్మం ముందు చేరేవాళ్లు. "ఆకులల్ల రొట్టెలేంది, మేకల లెక్క" అని వాళ్ల తల్లులు నవ్వేవాళ్లు. వాళ్లూ తినేవాళ్లే.

తాత మాత్రం ఆ రోజు ఏమీ మాట్లాడకుండా ఆరు తినేవాడు.

*

తాతకు అప్పటికే చూపు దాదాపు పోయింది. కండ్లల్లో పొర అనేవాడు. వెలుగూ నీడా తెలిసేవి, మనిషి తెలిసేవాడు కాదు. అరుగు గుంజ నుంచి బావి దాకా ఒక తాడు కట్టుకున్నాడు. ఎడమ చేత్తో అది పట్టుకొని పొద్దున్నే తానే పోయి ముఖం కడుక్కుని వచ్చేవాడు. ఎవరైనా చెయ్యి అందిస్తే, "నాకు తొవ్వ ఉన్నది, నీ తొవ్వ నువ్వు సూసుకో" అనేవాడు.

పగలంతా అరుగు మీద కూర్చుని జనపనారతో తాళ్లు పేనేవాడు. ఆ పనికి కళ్లు అక్కర్లేదు. తొడ మీద నార పెట్టి అరచేత్తో దొర్లిస్తుంటే తాడు దానంతట అదే పుట్టుకొచ్చినట్టు ఉండేది. ఊళ్లో ఎద్దుల పలుపుతాళ్లు సగం ఆయన పేనినవే. పలుపు ముడి వెయ్యడం నాకు నేర్పాలని చాలా ప్రయత్నించాడు. "ఎద్దు గుంజితే బిగియాలె, మనిషి కొస పట్టి లాగితే ఊడాలె. గదీ ముడంటే" అనేవాడు. నాకు వచ్చేది కాదు. నాకు వచ్చిందల్లా జడ రిబ్బను పువ్వు ముడి.

తాత రోజూ ఒక పుస్తకంలో రాసుకునేవాడు. వాన, దుక్కి, ఎవరు వచ్చారు, ఏ ఎద్దుకు ఏమయింది. చూపు పోయాక ఆ రాసే పని నాకు వచ్చింది. ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. ముందు రోజు రాయాలి. తర్వాత ఎవరెవరు ఉన్నారో రాయాలి. తర్వాత జరిగింది. కొట్టివేత ఉండకూడదు. ఆఖరున 'మిగులు' అని రాసి కొంచెం జాగా వదలాలి. మరునాడు పొద్దున నిన్నటిది చదివి వినిపిస్తే, ఆయన ఆలోచించి, మిగిలిపోయిందేమైనా ఉంటే చెప్పేవాడు.

"రాత్రి నిద్రల మనిషికి సగం కత యాదికొస్తది బిడ్డా. అందుకే జాగ ఇడువాలె" అనేవాడు.

*

ఆ ముందటి ఏడు ఎండాకాలంలో కాలువ వాళ్లు వచ్చి మా చెలకలో రాళ్లు పాతిపోయారు. తూము దగ్గర నుంచి చివరి మడి దాకా పిల్లకాలువ తిన్నగా పోవాలి. ఆ తిన్నటి గీత మీదనే పనస చెట్టు నిలబడి ఉంది.

"చెట్టన్న పోవాలె, కాలువన్న వంగాలె. వంగితే మీ నేల నాలుగు గుంటలు పోతది, పెద్దయ్యా. నీ ఇష్టం" అన్నాడు కాలువ మేస్త్రి. ఖాకీ నిక్కరు, చేతిలో కొలతతాడు, చెవి వెనక బీడీ. మంచివాడే. ఆయన గీత ఆయనది.

నాలుగు గుంటలంటే ఎకరంలో పదో వంతు. తాత ఆలోచించలేదు. నీళ్ల కోసం ఆయన జీవితమంతా ఆకాశం వైపు చూసిన మనిషి. "కాయని చెట్టుకు నాలుగు గుంటలు ఇడుస్తమా? కొట్టుండ్రి" అన్నాడు.

చెట్టు కింద రోజుకు ఒకసారి ఊడ్చే నాయనమ్మ మూడు రోజుల పాటు మూడేసిసార్లు ఊడ్చింది. నాలుగో రోజు తాతకు చల్ల ఇస్తూ అంది: "ఒక్క ఏడు గడువియ్యండి."

నాకు తెలిసి ఆయన్ని ఆమె ఏమైనా అడగడం అదే మొదలు. తాత గ్లాసు కింద పెట్టాడు.

"గడువు నేనెట్లిస్త? చెట్టు అడగాలె. జామీను ఉంటే సూద్దాం."

కాయని చెట్టును బెదిరించడం మా వైపు ఉన్నదే. పొద్దు పొడవకముందు ఒకరు గొడ్డలి పట్టుకుని నరుకుతానంటారు. ఇంకొకరు అడ్డం వచ్చి వద్దంటారు. చెట్టు భయపడి కాస్తుందని నమ్మకం. మా ఇంట్లో దానికి ఇంకొక కట్టు ఉంది. అడ్డం వచ్చిన మనిషి జామీను నిలబడాలి. జామీనుదారు పిల్లయితే చెట్టుకు జాలి ఎక్కువట. అందుకని నన్ను నిద్ర లేపారు.

గొడ్డలి పట్టింది మా పొలంలో పనిచేసే పెద్దాయన. నేను మామా అనేదాన్ని. వాళ్లది క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చి అయిపోతే గానీ గొర్రు పట్టేవాడు కాదు.

"పెద్దయ్యా, చెట్టుతోటి నేను మాట్లాడిన్నని మా పాస్టరుకు సెప్పకుండ్రి. ప్రభువుతోటే నేను సరిగ్గ మాట్లాడనని ఆయనకు కోపం" అన్నాడు.

చిన్నాయన నవ్వాడు. తాత దగ్గాడు. మామ గొడ్డలి అంచును మానుకు ఆనించి గొంతు పెంచాడు.

"ఏమే పనసా! ఎరువు తింటున్నవ్, నీళ్లు తాగుతున్నవ్, కాయ మాత్రం ఇయ్యవు. ఇగ నిన్ను ఉంచ. నరుకుత!"

"వద్దు మామా, నరకకు. వచ్చే ఏడు కాస్తది" అన్నాను నేను.

"ఎవలే జామీను?"

"నేను జామీను."

మూడుసార్లు అలా అన్నాం. మూడోసారి మామ గొడ్డలిని కొంచెం తగిలించాడు. బెరడు చిట్లి తెల్లటి పాలు కారాయి. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. తాత నా తల తడిమి వెతికి పట్టుకున్నాడు.

"జామీనంటే ఉత్త మాట గాదు బిడ్డా. వచ్చే వైశాఖ పున్నమి దాటే లోపట కాయ రాకపోతే, మొదటి దెబ్బ జామీనుదారుదే. నీ చెయ్యి పట్టి నేనే కొట్టిపిస్త. ఒప్పుకున్నట్టేనా?"

అందరూ నా వైపు చూస్తున్నారు. తలూపాను. ఆయనకు కనపడదని గుర్తొచ్చి, "ఊఁ" అన్నాను.

*

ఆ ఏడాది నోటుపుస్తకం ఇప్పుడు తిరగేస్తే నవ్వు రావాలి. రాదు. ఆ పంచమి దాకా ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాలతో, తాత చెప్పనిది, నేను సొంతంగా రాసుకున్న వాక్యం ఒకటి ఉంటుంది: "చెట్టు చూసినాను. ఏం లేదు."

పండక్కి బియ్యం కడుగు దొరికితే పోశాను. చేపలు కడిగిన నీళ్లు మంచివని ఎవరో అంటే మామ వాళ్ల వాడకు పోయి తప్పెలతో తెచ్చి పోశాను. పిల్లులు చేరాయి గానీ కాయ రాలేదు. చెట్టు మొదట్లో ఉప్పు పాతాను. మేకు కొడితే కాస్తుందని చిన్నాయన చెప్పాడు. మేకు తెచ్చి, రాయి తెచ్చి, కొట్టలేక కూర్చుని ఏడ్చాను. దిష్టి తగిలిందేమోనని తాత పాత చెప్పు ఒకటి కొమ్మకు కట్టాను. దాని కోసం ఆయన రెండు రోజులు వెతికి, కుక్కను తిట్టాడు.

ఒక సోమవారం మామ నన్ను పక్కకు పిలిచాడు.

"నిన్న చర్చిల ప్రార్థన మనవి అడిగిండ్రు. నేను లేసి, ఒక చెట్టు మీద ఒక పిల్ల మాట నిలబడ్డది, దాని కోసం అన్న. అందరు ఆమెన్ అన్నరు. పాస్టరు గూడ అన్నడు, చెట్టని సరిగ్గ ఇనలేదేమో!"

పూత వచ్చింది. ఆ ఏడు ఒక్కటి కూడా నేను తినలేదు, ఎవరినీ తిననివ్వలేదు. పూత నల్లబడింది. రాలింది. రాలిన వాటిని కొంగులో ఏరుకుంటూ నాయనమ్మ నా వైపు చూసి, "నువ్వు భయపడమాకే. చెట్టు సంగతి చెట్టుది" అంది.

హోళీ దాటాక తవ్వకం మొదలైంది. మొదట్లో గడ్డపారల చప్పుడు దూరంగా, చెవిపెట్టి వింటే తప్ప వినపడనట్టు ఉండేది. తర్వాత బడిలో కూర్చున్నా వినపడేది. తర్వాత గటక తింటున్నా వినపడేది. ఊరంతా సంబరం. తట్టలు మోసే కూలీలు సాయంత్రం రాళ్ల పొయ్యిల మీద రొట్టెలు కాల్చుకుంటే, వాళ్ల కోసం ఆడవాళ్లు ఉల్లిగడ్డలు పట్టుకుపోయేవాళ్లు. "ఇగ నీళ్లొస్తయ్, ఇగ మనం గూడ బియ్యపు బువ్వ తింటం" అనేవాళ్లు. నేను బడి నుంచి వస్తూ వాళ్ల తవ్వకం అంచు నుంచి మా చెట్టు దాకా అడుగులతో కొలిచేదాన్ని. పోయిన వారం కంటే ఎన్ని అడుగులు తగ్గాయో నాకే తెలుసు. రాత్రి తిండి సహించేది కాదు. అరచేతులు చూసుకునేదాన్ని. గొడ్డలి కర్ర వాటిలో ఎలా ఆనుతుందో తెలియక, రోకలి పట్టుకుని చూసేదాన్ని.

*

ఆ పంచమికి ముందు రోజు మేస్త్రి వచ్చి, "రేపు మాపటికి చెట్టు కాడికి వస్తం పెద్దయ్యా" అని చెప్పి పోయాడు. తాత సరేనన్నాడు. "బిడ్డా, మాట యాదున్నదా" అన్నాడు నాతో. కోపంగా కాదు. దగ్గరగా అన్నాడు. అదే ఎక్కువ భయం వేసింది.

చిన్నాయనను వెనకాల కొట్టంలో పట్టుకున్నాను.

"చిన్నాయనా, కోదాడల పనసకాయలు దొరుకుతయా?"

"బస్టాండు కాడికి లారీలల్ల వస్తయ్ అవతల నుంచి. ఎందుకే?" అని, నా ముఖం చూసి ఆగిపోయాడు. కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు. "ఓర్నీ! పిల్లా, నువ్వు రాయడమే అనుకున్న, గివి గూడ నేర్చినవా?"

మరునాడు పొద్దున సైకిల్ మీద పోయి మిట్టమధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. క్యారియర్ మీద గోనెసంచి. లోపల పచ్చికాయ, ఒక మేకపిల్ల అంత. పండిన కాయ అయితే వాసన పట్టిస్తుందని వెతికి పచ్చిదే తెచ్చాడు. ఆ తెలివి చదువులో పెట్టి ఉంటే ఏమయ్యేవాడో.

వైశాఖం మధ్యాహ్నం. ఊరంతా తలుపులు దగ్గరికి వేసుకుని పడుకున్న వేళ. కాకులు కూడా నోళ్లు తెరుచుకుని బావి గట్టు నీడలో ఉన్నాయి. చిన్నాయన రెండు చేతులతో కాయను మానుకు ఆనించి పట్టుకున్నాడు. ముళ్లు గుచ్చుకుని అతని ఛాతీ మీద బనీను చిరిగింది. తాడు చుట్టే పని నాది.

"జల్దిగట్టు. బరువున్నది."

కొట్టంలో దొరికిన పాత పురికొస తొడిమకు బిగించి, మాను చుట్టూ తిప్పి, ముడి వేశాను. నాకు వచ్చిన ముడి ఒక్కటే. రిబ్బను పువ్వు. రెండు చెవులు సమానంగా వచ్చేలా సర్దాను కూడా. దాని మీద పేడా మన్నూ కలిపి మెత్తాము. కాయ తొడిమ పాలు అంటుకుని నా వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎంత కడిగినా పోలేదు.

సాయంత్రం అందరూ వచ్చారు. మామ గొడ్డలి తెచ్చాడు. మేస్త్రి వచ్చాడు. నాయనమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. తాత తాడు పట్టుకుని బావి దాకా వచ్చి చెయ్యి చాచాడు.

"రా బిడ్డా."

"తాతా, కాసింది" అన్నాను. మళ్లీ అన్నాను. "చెట్టు కాసింది."

మామ వంగి చూశాడు. "ప్రభువా!" అన్నాడు. తర్వాత ఇంకా దగ్గరగా చూశాడు. తర్వాత గొడ్డలి భుజం మార్చుకుని ఆకాశం వైపు చూస్తూ దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

"ఏడ?" అన్నాడు తాత.

చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు అరచేతులతో కాయను కింది నుంచి పైకి నెమ్మదిగా తడిమాడు. ముళ్లు వేళ్లతో నిమిరాడు. తొడిమ దగ్గర ఆగాడు. అక్కడ ఎంతసేపు ఆగాడో నేను చెప్పలేను. ఆయన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పొద్దున నేను గిటునుంచే పోయిన పెద్దయ్యా. గాడ ఏం లేకుండె" అన్నాడు మేస్త్రి.

"నీవి గీత సూసే కండ్లయ్యా. నీకు కాయేం కనపడ్తది" అన్నాడు తాత. గడప వైపు తల తిప్పాడు. "ఏమే, నువ్వు సూసినవా?"

నాయనమ్మ గడప దగ్గర నుంచే జవాబు చెప్పింది.

"చూశాను."

"ఎట్లున్నది?"

"మా ఊరి కాయలాగే ఉంది."

ఆమె ముఖం నాకు కనపడలేదు. కొంగు అడ్డం ఉంది. నవ్విందో ఏడ్చిందో ఆ రోజూ తెలియలేదు, తర్వాత అడగలేదు.

తాత లేచి నిలబడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "కాలువ తిప్పుండ్రి. నాలుగు గుంటలు పోతే పాయె. జామీను ఖతం."

ఆ సాయంత్రం అరుగు మీద నోటుపుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన కొత్త తాడు పేనుతూ చెప్పాడు, నేను రాశాను. "ఈ రోజు మన పనస చెట్టు కాసింది" అన్న చోట నా పెన్సిలు ఆగింది.

"గిట్లనే రాయాలా తాతా?"

"నేను సెప్పిందే రాయి."

రాశాను.

*

కాలువ వచ్చింది. మా చెట్టు దగ్గర వంగి, మూడు వైపులా చుట్టుకుని పోయింది. నీళ్లు వచ్చిన రోజు ఊరంతా వాటి వెంట నడిచింది. తాత చెప్పులు విడిచి కాలువలో దిగి నిలబడ్డాడు. ఒక్క ఏడాదిలో చెలక మడి అయింది. జొన్న పోయింది, కంది పోయింది, గటక కుండ అటక ఎక్కింది. వడ్లు లారీల్లో మిర్యాలగూడ మిల్లులకు పోవడం మొదలైంది. తర్వాతి కాలంలో ఉద్యోగం కోసం నేను ఆ ఊళ్లోనే చాలా ఏళ్లు ఉన్నాను. మిల్లుల ఉప్పుడు బియ్యం వాసన వచ్చినప్పుడల్లా ఇందులో మా నాలుగు గుంటలు లేవు కదా అనుకునేదాన్ని.

పనసకు వేళ్లలో నీరు నిలవడం పడదు. అది మాలో ఎవరికీ తెలియదు. నాయనమ్మకు తెలిసి ఉండవచ్చు. ఆమెది ఏటి పక్క ఊరు. తెలిసినా ఏం చేస్తుంది? మూడు వైపులా కాలువ, నాలుగో వైపు వరి మడి. మూడో ఏడు ఆకులు పండుబారాయి. నాలుగో ఏడు ఎండింది. ఏ చెట్టును కాపాడాలని కాలువ తిప్పించామో, దాన్ని ఆ తిప్పిన కాలువే తీసింది. గొడ్డలి ఎవరూ ఎత్తలేదు. అప్పటికి తాత కూడా లేడు. ఆ మూడేళ్లూ నాయనమ్మ ఆకు బుట్టలు కుట్టింది, తాత ఉన్నన్నాళ్లూ ఆరు తిన్నాడు. అది లాభంలో వెయ్యాలో నష్టంలో వెయ్యాలో నాకు తెలియదు.

చెట్టు నిజంగా ఎప్పుడూ కాయలేదు.

ఈ పేజీ తెరిచినప్పుడల్లా, చూపు లేని మనిషిని మోసం చేశాననే అనుకోవాలనిపిస్తుంది. అలా అనుకుంటే తేలిక. ఒక తప్పు, ఒక ఒప్పుకోలు, అయిపోతుంది. కానీ అలా అనుకోవడానికి లేదు. ఎందుకంటే మిగులు ఉంది. ఇన్నేళ్లూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోతున్నా సరే.

మిగులు: మరునాడు పొద్దున, ఇంకా ఎవరూ లేవకముందే, ముడి జారిపోయిందేమోనని చెట్టు దగ్గరికి పరుగెత్తాను. కాయ అక్కడే ఉంది. నేను కట్టిన పురికొస లేదు. రిబ్బను పువ్వు లేదు. దాని చోట కొత్త తాడు, ఇంకా నార పీచులు లేస్తున్న తాడు, మాను చుట్టూ రెండు వరసలు తిరిగి ఉంది. కొస కిందికి వేలాడుతోంది. ఎద్దు గుంజితే బిగిసేది, మనిషి లాగితే ఊడేది, ఆ ముడి. మీద పేడా మన్నూ మళ్లీ నున్నగా మెత్తి ఉంది, తడి ఆరలేదు. వెనక్కి వచ్చాను. తాత అరుగు మీద వేపపుల్ల నములుతున్నాడు. నిన్నటిది చదవమన్నాడు. చదివాను. మిగులు ఏమైనా ఉన్నదా అని నన్నే అడిగాడు. ఆయన గోళ్లలో మన్ను ఉంది. ఏమీ లేదు తాతా అన్నాను. అయితే జాగ ఇడువు అన్నాడు.